మంచుసీమలో నిలువ వంట

అమెరికా దేశపు ఉత్తరభాగమున, కెనడా పొలిమేర నానుకొని, మినెసోటా యను రాష్ట్రము కలదు. 2022వ సంవత్సరము అక్టోబరు నెల మొదటి వారమున మేము దంపతులము తెనాలి నుండి బయలుదేరి, హైదరాబాదులో విమానమెక్కి, నడుమ నొకచోట దిగి మరల నెక్కి, మినియాపొలిస్ నగరము చేరితిమి. ఆ నగరమునకు సమీపముననే మా అమ్మాయియు అల్లుడును కాపురముందురు. అమ్మాయికి ఎనిమిదవ నెల నిండుచుండెను. పురుడు పోయుటకే మా ప్రయాణము. పెట్టెలలో మా బట్టలకంటె సొంఠి, వాము, పిప్పళ్లు, ఇంగువ, పథ్యపు కారములు, పాతచింతపండు, ఇవియే హెచ్చు బరువు తూగినవి. ఆరు మాసములకు మించి మేమచట నుండుటకు అనుమతి లేదు. ఆ గడువు మాట వచ్చిననాడే మనస్సున నాటుకొని యుండెను.

మినెసోటా చెరువుల దేశము. పది యెకరములకు తక్కువ కానివి 11,842 కలవని లెక్క కట్టినారు. కారు వెనుకటి రేకు మీద సయితము 'పదివేల సరస్సులు' అని వ్రాయించుకొందురు. మేము పోయిననాటికి మేపిలు చెట్ల యాకులు పసుపును కుంకుమయు కలిపి చల్లినట్లుండెను. నెల తిరుగకమునుపే అవి యన్నియు రాలిపోయినవి. నవంబరు సగమగుసరికి మంచు ప్రారంభమై, వీథి, పెరడు, ఇంటికప్పు ఏకమైపోయెను. డిసెంబరులో కొన్ని దినములు చలి సున్నకు ఇరువది డిగ్రీలు దిగువకు పోయినది. కారు నిలుపు కొట్టమున పాలసీసా యుంచినచో తెల్లవారుసరికి రాయియై కూర్చుండెడిది. ఆ కొట్టములోనే ప్రతి యింటివారును నిలువెత్తు ఫ్రీజరు పెట్టె నొకదానిని పెట్టుకొందురు. ఊరంతయు మంచుపెట్టెగా నుండగా మరల నింకొక పెట్టె యేమిటికని మా వారు నవ్విరి. ఆ పెట్టెతోనే మాకు పని పడునని అప్పుడు తెలియలేదు.

నవంబరు 10వ తేదీన మనుమరాలు పుట్టినది. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన మూడవనాడు సాయంకాలము ఎవరో వీథి తలుపు తట్టిరి. తీసి చూడగా ఎదురింటి యావిడ. వయస్సు అరువది దాటియుండును. మోకాళ్లదాక బూట్లు, చేతిలో తువ్వాలు చుట్టిన పెద్ద గాజు పళ్లెము. లోనికి రమ్మన్నను రాక, గుమ్మమునుండియే బిడ్డను చూచి, పళ్లెము మా చేత నుంచి, వేడిగా నున్నది జాగ్రత్త యనియు, మాంసము వేయలేదనియు, మిగిలినది ఫ్రీజరులో నుంచవచ్చుననియు మూడే మాటలు చెప్పి మంచులో దిగి పోయెను. మేము శాకాహారులమా కామా యని అల్లుని ముందుగనే యడిగి తెలిసికొనెనట. ఆ వివేకము మాకు నచ్చినది. పళ్లెము మాత్రము నచ్చలేదు.

ఆ వంటకు ఆ రాష్ట్రమువారు 'హాట్‌డిష్' అని పేరు పెట్టుకొన్నారు. తక్కిన అమెరికావారు దానినే 'క్యాసరోలు' అందురు. క్యాసరోలనగానే మన సోదరీమణులకు చపాతీలు, ఇడ్డెనలు వేడి చెడకుండ నుంచు మూతపెట్టె జ్ఞప్తికి వచ్చును. పెండ్లి కానుకలలో రెండు మూడైనను రాక మానవు గదా! ఆ మాట ఫ్రెంచివారిది. వారి భాషలో కాడగల వంటగిన్నె యని యర్థము. ఇంగ్లీషువారి నోట పడి, మూతగల లోతైన పాత్రకును, ఆ పాత్రలోనే ఓవెనులో నుడికి ఆ పాత్రతోనే బల్లమీదికి వచ్చు వంటకును పేరైనది. గిన్నెపేరు మన దేశమున పెట్టెకు పోయినది, వారి దేశమున వంటకు పోయినది. అన్నమో, మాకరోనియో, బంగాళాదుంపయో అడుగున; కూరగాయలును, తినువారికి మాంసమును నడుమ; అన్నింటిని కూర్చి పట్టు చిక్కని పాలపులుసు; పైన కరకరలాడు పొర. ఇంతే దాని నిర్మాణము.

మా యభ్యంతరమేమన, పురిటిదినములలో పథ్యము తల్లిచేతిలో నుండవలెను. అప్పుడే వార్చిన అన్నము, కాచిన నేయి, వెల్లుల్లి కారము, లేత బీరకాయ కూర. ఇవి యుండగా పుట్టగొడుగులును పాలును కలిసి, ఎవరింటనో వండి, చల్లారి, మరల వేడిచేసిన పదార్థము బాలింతరాలికి పెట్టుదుమా? పళ్లెమును ఫ్రిజ్‌లోనికి త్రోసి మా పథ్యము మేము పెట్టుకొంటిమి. అమ్మాయి మాటాడక తినెను.

ఆ రాత్రి రెండుగంటల వేళ వంటయింట దీపము వెలుగుట చూచి లేచి వచ్చితిమి. అమ్మాయి గట్టు నానుకొని నిలుచుండియుండెను. ఎడమచేత బిడ్డ, కుడిచేత చెంచా. ఎదురింటావిడ పళ్లెమునుండి ఒక ముక్క కోసి వేడిచేసికొని తినుచున్నది. మమ్ము లేపరాదా, అన్నము కలిపి పెట్టమా యని కోపపడితిమి.

"నిన్ను లేపితే అన్నం వేడి చేస్తావు, పప్పు వేడి చేస్తావు, నెయ్యి కరగబెడతావు. ఈలోగా ఇది మళ్లీ ఏడుస్తుందమ్మా. దీనికి ఒక్క చెయ్యి చాలు," అనెను.

ఆ మాట చాలదినములు మా మనస్సును విడువలేదు. మన భోజనము రుచికిని ఆరోగ్యమునకును దేనికిని తీసిపోదు. మేము దానిని తక్కువ చేయుట లేదు. కాని దానికి వడ్డించువారొకరు వలెను. అన్నము తరువాత పప్పు, పప్పు తరువాత కూర, మరల అన్నము, చారు, మజ్జిగ; తినువాని విస్తరి చూచుచు ఒకరు నిలుచుండుట అందులోని యొక భాగమే. మా పుట్టింట ఆ నిలుచుండువారు నలుగురుండెడివారు. మా యింట మేముంటిమి. ఈ మంచుసీమలో మేము తిరిగి పోయిన పిదప ఎవరుందురు? అల్లుడు ఉదయము ఏడింటికి పోయి సాయంకాలము ఆరింటికి వచ్చును. అమ్మాయికి ఉద్యోగము. వడ్డించువారు లేని యింటికి తగిన భోజనమును ఆ దేశపు స్త్రీలు కల్పించుకొన్నారని ఆ రాత్రి తెలిసినది. మేమును నిలుచుండియే రెండు చెంచాలు రుచి చూచితిమి. ఉప్పు చాలలేదు, కారము మాటయే లేదు. కాని కమ్మగా నుండెను.

ఆ పళ్లెములోని ధాన్యమును గూర్చి ఒక మాట. నల్లగా, సన్నగా, సూదులవలె నుండును. పేరు 'వైల్డ్ రైసు', అనగా అడవిబియ్యము. నిజమునకది వరిజాతి కాదు, నీటిలో మొలచు వేరొక గడ్డి. ఒజిబ్వే యను ఆదిమజాతివారు దానిని 'మనోమిన్' అందురు. వేసవి చివర ఇద్దరు తేలిక పడవలో చెరువుమీదికి పోయి, ఒకరు పడవ నడుపగా ఒకరు రెండు కఱ్ఱలతో కంకులను వంచి తట్టి గింజలను పడవలో రాల్చుకొందురు. పిదప వేయించి పొట్టు తీయుదురు. 1977వ సంవత్సరమున మినెసోటా ప్రభుత్వము దానిని రాష్ట్రధాన్యముగా ప్రకటించినది. దున్నక విత్తక వచ్చు ధాన్యమని వినగానే మన మునులు తిను నివ్వరిబియ్యము జ్ఞప్తికి వచ్చి, అమ్మాయికి పెట్టుటకు మా సంకోచము సగము తీరినది. ఉడుకుటకు ముప్పావుగంటయో గంటయో పట్టును.

తరువాత రెండువారములు పళ్లెములు వచ్చుచునే యుండెను. ఇరుగుపొరుగువారును, అమ్మాయితో పనిచేయువారును వంతులపట్టిక వ్రాసికొని, దినము విడిచి దినము ఒకరు తెచ్చిరి. ప్రతి పళ్లెము అడుగునను కాగితపుపట్టీ అంటించి దానిమీద ఇంటివారి పేరు వ్రాసియుండెను, ఎవరిది వారికి చేరుటకై. మన యింట స్టీలుగిన్నెల మీద పేరు కొట్టించుట వంటిదే. ఎవరి గిన్నెయు వట్టిదిగా పంపుట మన యాచారము కాదు గదా! ఎదురింటావిడ పళ్లెము తోమి, తుడిచి, నిండ పులిహోర పెట్టి పంపితిమి. మరునాడామె పళ్లెము చూపి, ఇందులో మరల నేదైన పంపవలెనా యని అల్లుని భయపడుచు అడిగెనట. లేదు, ఇది మా పద్ధతియని చెప్పగా పకపక నవ్వెను. ఆ దినమునుండి ఆమెకును మాకును రాకపోకలు. భాష మాకు అంతంతమాత్రము. వంటయింట భాష అంతగా అక్కరలేదు.

నవంబరు 24వ తేదీ, గురువారము, వారి కృతజ్ఞతల పండుగ. ఆ దినము ఆమె యింట భోజనము. బల్ల మీద చిక్కుడుజాతి పచ్చికాయల హాట్‌డిష్ కనబడెను. పైన వేయించిన ఉల్లిచక్రములు. దానికొక కథ కలదు. 1955వ సంవత్సరమున న్యూజెర్సీ రాష్ట్రపు కామ్డెన్ నగరమున, క్యాంబెల్ సూపు కంపెనీవారి ప్రయోగపు వంటయింట పనిచేయుచున్న డార్కస్ రైలీ యను స్త్రీ, ఎవరింటనైనను తప్పక నుండు వస్తువులతో తేలికగా నగు పక్కవంటకము నొకదానిని కల్పించెను. డబ్బా పుట్టగొడుగుల సూపు, పచ్చికాయలు, పాలు, మిరియాలు, వేయించిన ఉల్లి. నేడు ఆ పండుగనాడు అది లేని బల్ల అరుదు. ఆమె 2018లో మరణించినది. ఒక స్త్రీ కాగితపుముక్క మీద వ్రాసిన పాకము కోట్లకొలది యిండ్లకు చేరుట సామాన్యమా? ఆ చేతివ్రాత కాగితమును 2002లో వారి దేశపు ఆవిష్కర్తల గౌరవశాలకు ఇచ్చిరట. మన గోంగూర పచ్చడిని మొదట నూరిన పుణ్యాత్మురాలి పేరు మాత్రము ఎవరికిని తెలియదు.

జనవరి నెలలో నొక ఆదివారము, అల్లుడును మా వారును ఇంట బిడ్డను చూచుకొనుచుండగా, ఎదురింటావిడ మమ్ము తన కారులో మంకాటో పట్టణమునకు తీసికొనిపోయెను. అది ఆమె పుట్టినయూరు. మినియాపొలిస్‌కు నైరృతిగా సుమారు ఎనుబది మైళ్లుండును. మినెసోటా నది అచట ఒక్కసారిగా మలుపు తిరిగి ఉత్తరమునకు పోవును. మేము పోయిననాడు నది మీద మంచు కప్పియుండుటచే నీరెక్కడనో నేల యెక్కడనో తెలియలేదు. ఆ పట్టణపు గ్రేస్ లూథరన్ చర్చి స్త్రీసమాజమువారు 1930వ సంవత్సరమున ఒక వంటలపుస్తకము అచ్చువేసిరి. హాట్‌డిష్ అను పేరుతో అచ్చయిన పాకములలో మనకు తెలిసినంతవరకు మొదటిదిగా ఎన్నబడునది అందులోనిదే. కీమా, ఉల్లి, సెలెరీకాడలు, డబ్బా బటాణీలు, డబ్బా టమాటా సూపు, మాకరోని. సంవత్సరము గమనింపుడు. 1929 చివర ఆ దేశమున ధనము కుప్పకూలి, పని లేక జనులు అల్లాడుచున్న కాలము. కొద్దిపాటి మాంసమును పదిమందికి సాగదీయవలసి వచ్చినప్పుడు పుట్టిన వంట యది. 1934లో డబ్బా పుట్టగొడుగుల సూపు వచ్చి ఆ పని మరింత తేలిక చేసెను. ఆ ప్రాంతమువారు పరిహాసముగా దానిని 'లూథరన్ జిగురు' అందురు.

మధ్యాహ్నము ఆమె బంధువులు పోవు చర్చి నేలమాళిగలో సహపంక్తి భోజనము. పొడుగుపాటి బల్లలు, వాని మీద నలుబది పళ్లెములకు తక్కువ లేవు. నార్వే, స్వీడను, జర్మనీ దేశములనుండి వచ్చి స్థిరపడినవారి సంతతి వారు. ఎవరైన మరణించినను, ఎవరింటనైన బిడ్డ పుట్టినను ఈ పళ్లెములే కదలునట. ఎక్కువ పళ్లెముల మీద చిన్న గుండ్రని బంగాళాదుంప వడలు వరుసగా పేర్చియుండెను. వీనిని 'టేటర్ టాట్స్' అందురు. ఓరెగాన్, ఐడహో రాష్ట్రముల సరిహద్దున గ్రిగ్ సోదరుల కర్మాగారమున బంగాళాదుంపలను పొడుగుముక్కలుగా కోయగా మిగిలిన తునకలను పశువులకు వేయుచుండిరి. 1953లో వానిని తరిగి, పిండి కలిపి, వడలుగా ఒత్తి అమ్మకపువస్తువుగా చేసిరి. పారవేయు తొక్కతో పచ్చడి చేయు మన ఇల్లాండ్రకు ఈ బుద్ధి కొత్త కాదు. శాకాహారులైన సోదరీమణులు అచటి బల్లలయెదుట ఒక్కటి గుర్తుంచుకొనవలెను: రంగురంగుల పాయసమువలె వణకుచు కనబడు జెలటిన్ వంటకములు పశువుల యెముకలనుండి, చర్మములనుండి తీసినవి. చూచుటకు పండ్లరసమువలె నుండును. మేము చెంచా ముంచబోయి ఆగితిమి.

తిరుగు ప్రయాణమున కారులో లెక్క వేసికొంటిమి. 1993వ సంవత్సరపు చట్టము ప్రకారము అమ్మాయికి ఉద్యోగమునుండి పండ్రెండు వారములు సెలవు. అదియు జీతము లేనిది. ఫిబ్రవరి మొదటివారమున ఆమె పనికి పోవలెను. మార్చి నెలాఖరున మా విమానము. నడుమ ఏడెనిమిది వారములు. మేము పోవునాటికి ఆ కొట్టములోని ఫ్రీజరు నింపి పోవలెనని నిశ్చయించుకొంటిమి.

మొదటి ప్రయత్నము మజ్జిగపులుసు నమ్ముకొని చేసినది. అన్నము, గుమ్మడిముక్కలు, పెరుగుతో చిక్కని పులుసు. వండిననాడు బాగుండెను. ఫ్రీజరులో నుంచి వారము తరువాత తీయగా పెరుగు విరిగి నీరొకవైపు పొడియొకవైపు తేరెను. పెరుగునకు గడ్డకట్టుట సరిపడదు. ఉడికించిన బంగాళాదుంపముక్కలును అంతే. దూదివలె నీరు పీల్చి రుచి చచ్చును. తురిమి వేసినవి కొంత మేలు. కోడిగ్రుడ్డు తినువారింట ఉడికిన తెల్లసొన రబ్బరువలె సాగునని ఎదురింటావిడ చెప్పెను. బెండకాయ మాట తలపెట్టకుండుటయే మంచిది.

రెండవ ప్రయత్నము ఇంకను చెడ్డది. పాతసామానుల దుకాణమున కొన్న గాజు పళ్లెమొకటి యుండెను. దానినిండ వండి ఫ్రీజరులో పెట్టి, ఒకనాటి సాయంకాలము తొందరలో తిన్నగా తీసి కాగిన ఓవెనులో పెట్టితిమి. పది నిమిషములకు తుపాకి పేలినట్లు శబ్దము. పళ్లెము ముక్కలు ముక్కలు, వంటనిండ గాజు. అమ్మాయి బిడ్డనెత్తుకొని గుమ్మములో నిలుచుండి చూచెను. దోషము గాజుది కాదు, మాది. ఎంతటి గాజైనను అంతటి చలినుండి అంతటి వేడికి ఒక్కసారిగా పోలేదు.

ఇట్టి పాత్ర చరిత్రలోను స్త్రీ చేయి కలదు. న్యూయార్కు రాష్ట్రపు కార్నింగ్ పట్టణమున గాజు కర్మాగారములో జెస్సీ లిటిల్‌టన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు పనిచేయుచుండెను. ఆయన భార్య బెస్సీ వంటపాత్ర పగిలిపోగా, మీ కర్మాగారపు గట్టిగాజు ఏదైన తెచ్చి పెట్టరాదా యని భర్తను అడిగెను. ఆయన బ్యాటరీలకు వాడు గాజుజాడీల అడుగులు కోసి తెచ్చెను. 1913వ సంవత్సరమున ఆమె అందులో కేకు కాల్చగా చక్కగ, సమముగ ఉడికినది. రెండేండ్లకు, అనగా 1915లో, కంపెనీవారు 'పైరెక్స్' అను పేర వంటగాజును అమ్మకమునకు పెట్టిరి. భార్య అడుగనిది శాస్త్రజ్ఞునికి తోచలేదు.

పాత్ర పగిలిన పిమ్మట ఎదురింటావిడ తాను నలుబదియేండ్లుగా చేయు యుక్తి నేర్పెను. ఖాళీపళ్లెములో ముందుగా ఫాయిల్ కాగితమును అంచులకు వ్రేలాడునట్లు పరచవలెను. అందులో చల్లారిన వంట సర్ది, ఫ్రీజరులో పెట్టి, గడ్డకట్టిన పిదప కాగితముతో సహా ఇటుకవలె పైకెత్తవలెను. ఆ యిటుకను మరల గట్టిగా చుట్టి, పేరును తేదీని వ్రాసి ఫ్రీజరులో దొంతి పెట్టవలెను. పళ్లెము మరల చేతికి వచ్చును. వలసిననాడు కాగితము ఒలిచి అదే పళ్లెములో దించినచో సరిగ్గా కూర్చుండును. ఒక్క పళ్లెముతో ఇరువది వంటలు! చింతపండో టమాటాయో వేసినదైనచో పులుపు ఫాయిల్‌ను తినివేయును గనుక నడుమ బటరుకాగిత మొకటి వేయవలెను.

ఇంక మా పాకము. తొమ్మిదంగుళముల వెడల్పు, పదమూడంగుళముల పొడవు గల పెద్ద పళ్లెమునకు సరిపడు కొలత ఇది. అదియే ఎనిమిదంగుళముల చదరపు పళ్లెములు రెండింటికి ఇంచుమించుగా చాలును. ఇద్దరే యున్న కాపురమునకు చిన్నవే మేలు. ఒకటిన్నర కప్పు బియ్యమును పలుకుగా వండవలెను. మెత్తనైనచో రెండవసారి వేడికి ముద్దయగును. బీన్సు, కేరెట్టు, బటాణీలు, కాలీఫ్లవరు కలిపి నాలుగు కప్పులు సగము ఉడికించుకొనవలెను. ఆరు పెద్దచెంచాల వెన్న కరగించి, అందులో ఆరు చెంచాల మైదా వేసి పచ్చివాసన పోవువరకు వేయించి, మూడు కప్పుల వేడిపాలు కొంచెము కొంచెముగ పోయుచు ఉండ కట్టకుండ కలుపవలెను. డబ్బాసూపు చేయు పనియే ఇది చేయును. డబ్బాలలో కొన్నింట కోడిరసము కూడ నుండును గనుక శాకాహారులకు ఇదియే నమ్మకము. అందు దంచిన మిరియాలు, జీలకఱ్ఱ, అల్లము, పచ్చిమిరప, తగినంత యుప్పు. అన్నియు కలిపి పళ్లెములో సర్ది, నాలుగు ముక్కల రొట్టెను పొడిచేసి, కరివేపాకు, వేరుసెనగపలుకులు చేర్చి నేతిలో దోరగా వేయించి పైన చల్లి, 350 ఫారెన్‌హీటు డిగ్రీల ఓవెనులో ముప్పదినుండి నలుబది నిమిషములు కాల్చవలెను. నిలువకైనచో కాల్చవద్దు, పైపొర చల్లవద్దు. ఆ పొడిని వేరుగ పొట్లము కట్టి యిటుక మీద అంటింపుడు.

అన్నింటికంటె బాగా నిలిచినవి మన వంకాయయు మన పప్పును. టమాటాతో మగ్గించిన వంకాయను అన్నపుపొరల నడుమ పెట్టినది ఒకటి. పాలకూరపప్పును గట్టిగా చేసి అన్నముతో కలిపి, పైన తురిమిన బంగాళాదుంప నేతితో కాల్చినది ఇంకొకటి. దీనిని అల్లుడు రెండుమారులు వడ్డించుకొని, "అత్తయ్యగారూ, ఇది హాట్‌డిష్ కాదు, పప్పన్నానికి స్వెట్టరు తొడిగారు," అనెను.

నిలువ విషయమున ఆ దేశపువారు చెప్పు నియమములు మేము తప్పలేదు. వండినది రెండు గంటలకు మించి బయట నుండరాదు. లోతు లేని పళ్లెమున పరచి త్వరగా చల్లార్చవలెను. అన్నము విషయమున ఇది ముఖ్యము. వెచ్చగా నిలిచిన అన్నములో పెరుగు సూక్ష్మజీవుల విషము మరల వేడిచేసినను పోదు. ఫ్రిజ్‌లో నాలుగు సెంటిగ్రేడు డిగ్రీలకు మించని చలిలో మూడు నాలుగు దినములు. ఫ్రీజరులో సున్నకు పదునెనిమిది డిగ్రీలు దిగువను ఎన్నాళ్లున్నను చెడిపోదు గాని రెండు మూడు నెలలు దాటిన రుచి పలుచబడును. ముందు రాత్రియే ఫ్రీజరునుండి ఫ్రిజ్‌లోనికి దించి, మరునాడు కాల్చి, నడుమ భాగము 74 సెంటిగ్రేడు డిగ్రీలు తాకినదో లేదో చూడవలెను. అచట అందులకు పుల్లవంటి ఉష్ణమాపకము అమ్ముదురు. మన యూళ్లలో చేయదలచువారికి ఒక మాట: కరెంటు పోవుచోట్ల ఫ్రీజరు తలుపు తీయకున్నచో నిండుపెట్టె రెండు దినములు, సగము నిండినది ఒక్క దినము చలి నిలుపును. అంతకుమించిన నమ్మరాదు.

ఫిబ్రవరి మొదటివారమున అమ్మాయి పనికి పోయెను. బిడ్డను మేముంచుకొని, బిడ్డ నిదురించు వేళలలో వండితిమి. మా వారు తేదీలు వ్రాయువారు, తెలుగులో వ్రాసిరి. ఇంగ్లీషులో వ్రాసిన అల్లుడు ముందుగా రుచియైనవన్నియు ఏరుకొనునని వారి యనుమానము. అల్లునికి తెలుగు చదువుట వచ్చునని వారు మరచిరి. మార్చి 24వ తేదీకి ఇరువది రెండు ఇటుకలైనవి. ఒక్కొక్కటి ఇద్దరికి ఒక రాత్రికిని మరునాటి మధ్యాహ్నమునకును చాలును. వారమునకు మూడు చొప్పున ఏడు వారములు. తక్కిన దినములలో ఎట్లును అన్నము, చారు పెట్టుకొందురు గదా యని సరిపెట్టుకొంటిమి. బయలుదేరునాడు ఎదురింటావిడ గుమ్మములోనికి వచ్చి, తన పళ్లెమును మా చేతికిచ్చెను. దాని యడుగున పట్టీ మీద ఆమె పేరు లేదు. మా యింటిపేరు వ్రాసియుండెను. పెట్టెలో చీరల నడుమ చుట్టి తెచ్చితిమి. తెనాలిలో మా యింట ఓవెను లేదు. ఆవకాయ పెట్టిననాడు ముక్కలు కలుపుటకు వాడుచున్నాము.

మే నెల సగములో అమ్మాయి ఫోనులో మాటాడుచు, ఇటుకలన్నియు అయినవనియు, ఒక్కటి మాత్రము మిగిలినదనియు చెప్పెను. ఏది మిగిలినది యని అడిగితిమి. పాలకూరపప్పుది, మార్చి 24వ తేదీది, నాన్నగారి చేతివ్రాతతో నున్నది. మూడు నెలలు దాటిన రుచి పోవును, ఈ వారమే తినవలెనని గట్టిగా చెప్పితిమి. సరేనన్నది. జూను చివర అడిగిన ఇంకను ఉన్నదనెను. రుచి పలుచబడునే యని మరల చెప్పితిమి.

"తెలుసమ్మా, తింటాలే," అనెను.